మా బావమరిది మీద నేను రాసిన జాబు

మా బావమరిది పోయి నెల దాటింది. ఈ నాలుగు ముక్కలూ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాసేవాళ్ళకు కొదవ లేదు. అతని దగ్గర చదువుకున్న పిల్లలు ఇంగ్లీషులోనూ తమిళంలోనూ ఫోన్ల నిండా రాసి పెట్టారు. మా ఆవిడ అవన్నీ ఎవరో ఒకరి చేత చదివించుకుని, ఒక్కొక్కదానికీ విడివిడిగా ఏడుస్తోంది. మధ్యలో నేనెందుకు అనుకున్నాను. అదొక సాకు. అసలు సంగతి ఏమిటంటే, నేను అతన్ని చూసి ఓర్వలేకపోయినవాణ్ణి. యాభై నాలుగేళ్ళు ఓర్వలేకపోయాను. మనిషి పోతే అదీ పోతుందనుకున్నాను. పోలేదు.

ఆ సోమవారం పొద్దున నేను కోయంబత్తూరు పక్కన మా అన్నూరు సంత దారిలో గానుగ దగ్గర కొబ్బరినూనె ఆడించుకుంటున్నాను. మా ఆవిడ ఫోను చేసి, "ఏమండీ, తమ్ముడు పోయినాడు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నేను డబ్బా నిండేదాకా నిలబడ్డాను. మూత బిగించుకున్నాను. అప్పుడు బండి తీశాను. దారిలో నాకు వచ్చిన ఆలోచన ఇది: నేను పోయిన కబురు అతనికి వచ్చి ఉంటే, డబ్బా అక్కడే వదిలేసి పరిగెత్తి ఉండేవాడు. చావు కబురు విన్న పావుగంటలో కూడా నాకు పోలికలే.

జనం బాగా వచ్చారు. అతని వీధి మొదట్లోనే కార్లు ఆగిపోయాయి. పళని కొండ కింద అంగడి పెట్టుకున్న ఒకాయన, కొడుకును ఎప్పుడో ఇతని దగ్గర చదివించినవాడట, చెప్పులు కారులో వదిలి ఎండలో ఉత్త కాళ్ళతో నడిచి వచ్చాడు. నేను పోయిననాడు ఇందులో పదోవంతు వస్తారా అని లోపల లోపల అనుకుంటూనే, పెద్దల్లుణ్ణి కాబట్టి, వచ్చినవాళ్ళకు చేతులు జోడిస్తూ నిలబడ్డాను. మా మనవరాలు మాత్రం ఎవరితోనూ కలవకుండా, కారు షెడ్డు స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. లోపలికి వచ్చి ముఖం చూడమంటే తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల అలా నిలబడడానికి కారణం నేను. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం. ఒకడు నేను, రెండోవాడు లోపల పడుకుని ఉన్నాడు.

వరసగా చెబుతాను. వరసగా చెప్పడం నాకు చేతకాదని మా ఇంట్లో అంటారు. ప్రయత్నిస్తాను.

నా పెళ్ళినాటికి అతనికి తొమ్మిదేళ్ళు. మా వైపు పెళ్ళికూతురి తమ్ముడు పెళ్ళికొడుక్కి గుమ్మం దగ్గర దండ వేసి, చెయ్యి పట్టుకుని పందిట్లోకి తీసుకుపోవాలి. ఇతనికి నా మెడ అందలేదు. ముక్కాలిపీట తెచ్చి ఎక్కించారు. అప్పుడూ అందలేదు. దండ నా తలపాగా మీద పడి ఒక చెవికి వేలాడింది. పందిరంతా నవ్వింది. పెళ్ళికొడుకును ఎవరూ చూడలేదు, పీట మీద నుంచుని బిక్కముఖం వేసిన పిల్లవాణ్ణే అందరూ చూశారు. వాళ్ళ పెద్దమ్మ వచ్చి అతన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. దండ నేనే సర్దుకున్నాను. అప్పుడు మొదలైంది.

నేను ఎనిమిదో తరగతితో బడి ఆపినవాణ్ణి. అదీ తమిళ బడి. తెలుగు మా ఇంట్లో నోటి భాషే, అక్షరాల భాష కాదు. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది మిరపకాయల వల్ల. మా మేనమామకు కోయంబత్తూరులో సరుకుల మండీ ఉండేది. గుంటూరు నుంచి వచ్చే మిరపకాయల బస్తాల అడుగున తెలుగు పత్రికలు పరిచి పంపేవాళ్ళు. అవి విప్పి, తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, మండీలో పనిచేసే ఒక నెల్లూరు గుమాస్తాను అడిగి అడిగి ఒక్కొక్క అక్షరమే పట్టుకున్నాను. ఇంగ్లీషు మా మిల్లుకు కొన్న మగ్గాలతో పాటు వచ్చే పుస్తకాల నుంచి నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో ఇప్పటికీ నూనె వాసన వస్తుందని మా అబ్బాయి అంటాడు. ఇంత కష్టపడి నేర్చుకున్నవాణ్ణి నేనుండగా, బంధువుల్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా అతని దగ్గరికే పట్టుకుపోయేవాళ్ళు. అతను బీఏ, బీఎడ్. ఏం చేస్తాం.

మొదట అన్నూరులోనే ఒక బడిలో చెప్పేవాడు. తరువాత కినత్తుకడవు దాటాక, కొబ్బరితోపుల మధ్య కట్టిన ఇంటర్నేషనల్ స్కూల్లో చేరాడు. పెద్ద తరగతుల పిల్లలకు జాగ్రఫీ. వారమంతా అక్కడి క్వార్టర్సులో ఉండి, శనివారం సాయంత్రం మా వీధికి రెండు వీధుల అవతల ఉన్న తన ఇంటికి వచ్చేవాడు. తిరుప్పూరు బనియన్ కంపెనీల యజమానుల పిల్లలు, దుబాయిలో తల్లిదండ్రులు ఉన్న పిల్లలు, కొరియా పిల్లలు కొందరు, అందరూ హాస్టల్లో. వాళ్ళలో పన్నెండుమందిని ఇతనికి అప్పగించారు. దానికి ట్యూటర్ అని పేరు. అంటే ఏమిటిరా అని అడిగాను.

"పాఠం చెప్పేది సగం పని బావా. మిగతా సగం ఈ పన్నెండుమందీ తిన్నారా, నిద్రపోయినారా, ఎవురితో మాటలు నిలిపినారా అని చూసేది."

"అది ఆయా పని కదరా. దానికి బీఎడ్ ఎందుకు?"

"దానికి బీఎడ్ చాలదు బావా" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు చూసి నాకు ఇంకా మండింది. ఎత్తిపొడిస్తే ఎత్తిపొడవాలి. నవ్వితే నేనేం చెయ్యను?

అతను పాఠం చెప్పే పద్ధతి గురించి విన్నవే చెబుతాను, చూసినవి తక్కువ. కొత్త తరగతికి మొదటి రోజు మ్యాపు గీయమనేవాడట. ప్రపంచం మ్యాపు కాదు, మీ ఇంటి నుంచి ఈ బడికి వచ్చిన దారి. ఫోను చూడకూడదు. దుబాయి పిల్ల విమానం గీసి ఊరుకుంది. తిరుప్పూరు నుంచి గంటన్నరలో వచ్చే ఒక పిల్లవాడు ఏమీ గీయలేక తెల్ల కాగితం ఇచ్చాడు. కారెక్కగానే నిద్రపోతాడట, దారి ఎప్పుడూ చూడలేదు. అతన్ని తిట్టలేదు. ఆ తెల్ల కాగితానికి కూడా మార్కు వేసి, "ఇది నిజమైన మ్యాపే, వచ్చే సెలవులకు మేలుకుని పోయిరా" అన్నాడట. సెలవుల తరువాత ఆ పిల్లవాడు రెండు కాగితాలు అంటించి మరీ గీసుకొచ్చాడు. ఇది నాకు చెప్పింది ఆ పిల్లవాడి తండ్రి, ఒక పెళ్ళిలో. ఆయనకు ఎన్నో మిల్లులు. నన్ను ఇరవై ఏళ్ళుగా ఎరుగును, ఎప్పుడూ కూర్చున్నచోటి నుంచే పలకరిస్తాడు. మా బావమరిది లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. నేను పాయసం గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

భోజనాల హాలులో అతను పిల్లల మధ్య కూర్చునేవాడు కాదట. ఎంగిలి ప్లేట్లు తెచ్చి పెట్టే కిటికీ పక్కన నిలబడేవాడు. ఎవరు ఏం వదిలేశారో చూసేవాడు. "ముఖానిదేముంది బావా, పిల్లోళ్ళు ఎట్లయినా పెట్టుకుంటారు. ప్లేటు అట్ల కాదు" అనేవాడు. వారానికోసారి ఒక్కొక్కరితో కొబ్బరితోపులో పది నిమిషాలు నడక. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలు చెప్పరట. పక్కపక్కన నడుస్తూ, ముఖాలు చూసుకోకుండా ఉంటే, ఏడో నిమిషంలో చెబుతారట. ఏడో నిమిషం దాకా అతను ఏం మాట్లాడతాడు? ఏమీ మాట్లాడడు. నేనైతే రెండు నిమిషాలు ఊరుకోలేను. మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఏడాదికి రెండుసార్లు పిల్లల రిపోర్టులు రాయాలి. అతని ఇంట్లో టీవీ గోల. అందుకని కాగితాల కట్ట పట్టుకుని మా ఇంటి తిన్నె మీదికి వచ్చేవాడు. ఒక్కో పిల్ల గురించి నాలుగు వరసలు. ఆ నాలుగు వరసలకు గంట పట్టేది. రాసేది, కొట్టేసేది, లేచి అటూ ఇటూ నడిచేది. మా ఆవిడ తమ్ముడికి కాఫీ మీద కాఫీ. నాకు ఒకటే, షుగరని. "తెలివైనది, ఇంకా బాగా చదవాలి అని రాసి పారేయరా" అంటే, "అది ఏ పిల్లకైనా రాయొచ్చు బావా. అట్ల రాస్తే నేను దాన్ని చూడలేదని అర్థం" అనేవాడు.

మా మనవరాలిని ఎనిమిదో తరగతిలో అదే బడిలో చేర్చారు. మా అబ్బాయి కూతురు. అమ్మానాన్నలిద్దరూ మిల్లు పనిలో తిరిగేవాళ్ళు. అది నా ఒళ్ళో పెరిగింది. ఇది గొప్పకు చెప్పడం లేదు. దానికి అన్నం తినిపించింది నా కథలే. మగ్గం మీద నిద్రపోయిన పిల్లి కథ, మిరపకాయ పత్రికల కథ, మా ముత్తాత కృష్ణానది ఒడ్డు నుంచి ఎడ్లబండి మీద వచ్చాడనే కథ. ఆ ఎడ్ల పేర్లు నేనే పెట్టాను, ఎవరూ చూడలేదు కదా. "తాతా, ఇంకోటి" అనేది. ఆ మాట కోసం నేను బతికాను అంటే కొంచెం ఎక్కువే, కానీ అబద్ధం కాదు. తల్లీ తండ్రీ అడిగినా చెప్పని మాట నాకు చెప్పేది. ఇంట్లో ఆ స్థానం నాది.

బడివాళ్ళు దాన్ని ఇతని పన్నెండుమందిలో వేశారు. చుట్టం పిల్ల అని ఇతనే ముందుగా చెప్పాడట. అయినా పరవాలేదన్నారట. నాకూ సంతోషమే అనిపించింది, మొదట్లో.

పదో తరగతిలో ఉండగా ఒక సెలవులకు వచ్చింది. మనిషి సగమైంది. పెట్టింది తినదు, అడిగితే "చుమ్మా తాతా, ఏమీ లేదు" అంటుంది. నేను నా పని మొదలుపెట్టాను. కథలు చెప్పాను. పిల్లి కథకు కొత్తగా రెండు పిల్లుల్ని చేర్చాను. అది విన్నది. నవ్వాల్సిన చోట నవ్వింది. లేచి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నాలుగో రోజు శనివారం. సాయంత్రం ఇతను వచ్చాడు. పిల్ల చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది. ఇద్దరూ వీధి చివరి దాకా, అక్కడి నుంచి కాలవ గట్టు మీదుగా నడుచుకుంటూ పోయారు. నేను తిన్నె మీద కూర్చుని చూశాను. పోయేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. వచ్చేటప్పుడు పిల్ల చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది. ఇతను తల కూడా ఊపడం లేదు, ఊరికే వింటున్నాడు. ఆ రాత్రి అది నాలుగు ఇడ్లీలు తిన్నది.

మర్నాడు అతన్ని పట్టుకున్నాను.

"ఏమి చెప్పిందిరా?"

"ఏమో చెప్పింది బావా."

"అదే, ఏమి?"

"దాని మాట బావా. నా దగ్గర ఉంచి పోయింది. నేను తీసి మీకు ఇచ్చేదానికి లేదు."

"నేను దాని తాతను రా!"

"తెలుసు బావా. దానికి ఆపద అనిపిస్తే ఆ నిమిషమే మీ అబ్బాయికి ఫోను పోతుంది, ఆ తరువాత బడికి. ఇది అట్లాంటిది కాదు. పదహారేళ్ళ పిల్ల కష్టం. అంతే."

"నాకు ఏల చెప్పలేదు? నాకు అన్నీ చెప్పేది కదా."

"మీరు దానికి కథ చెప్పినారు కదా బావా" అన్నాడు.

వెటకారం అయి ఉంటే బాగుండేది. కాదు. అడిగానని చెప్పాడు, అంతే. ఇప్పటికీ అది తలచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

తరువాత నెలలో బడిలో తల్లిదండ్రుల సమావేశం. మా అబ్బాయికి తీరికలేదంటే నేను పోతానన్నాను. ఇస్త్రీ పంచె కట్టుకుని, కారు మాట్లాడుకుని పోయాను. మీకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వాళ్ళల్లో ఇంటి పెద్దల్లుడు అత్తవారింటికి పోతే గుమ్మంలో కాళ్ళకు నీళ్ళు ఇవ్వాలి. మొదటి ఆకు అతనికే వెయ్యాలి. అతను లేవకుండా ఎవరూ లేవకూడదు. మా మామగారు పోయాక ఆ మర్యాద నడిపింది ఈ బావమరిదే, ఒక్కనాడు తప్పలేదు. అంచేత అతను ఉన్నచోటల్లా అది నా అత్తవారిల్లే అని నాకొక లెక్క. ఆ బడిని కూడా అలాగే అనుకుని పోయాను. ఆ పొరపాటు మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

అతని గది ముందు ఐదుగురు తల్లిదండ్రులు కుర్చీల్లో ఉన్నారు. నేను తిన్నగా లోపలికి పోయాను. లోపల ఎవరో కొరియా తల్లి కూర్చుని ఉంది. అతను లేచి, "సార్, మీ వంతు ఆరోది. కొంచెం బయట కూర్చోండి" అన్నాడు ఇంగ్లీషులో. సార్! నన్ను! గడప మీద అలాగే నిలబడ్డాను. అతను దగ్గరికి వచ్చి, చిన్నగా, "బావా, వీళ్ళు దూరం నుంచి వచ్చినారు. కోపం చేసుకోవద్దండి" అన్నాడు. కూర్చున్నాను. నలభై నిమిషాలు. ఆరో వంతున లోపలికి పిలిచి, మా పిల్ల కూర్చునే ఇరుకు కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, రిపోర్టు చదివి వినిపించాడు. అందులో ఒక వరస ఉంది. పక్కవాళ్ళను ఎవరైనా కలుపుకోకుండా వదిలేస్తే ఈ పిల్ల వెంటనే గమనిస్తుంది, తనను వదిలేసినప్పుడు మాత్రం చాలా ఆలస్యంగా గమనిస్తుంది అని. నా ఒళ్ళో పదమూడేళ్ళు పెరిగిన పిల్ల గురించి ఆ సంగతి నాకు తెలియదు. అది నిజమని మాత్రం వినగానే తెలిసింది.

ఇంటికి వచ్చి జాబు రాశాను. ప్రిన్సిపాలుగారికి, ఇంగ్లీషులో, మూడు పేజీలు. దగ్గర చుట్టాన్ని ట్యూటరుగా పెట్టడం న్యాయం కాదని, ఆ టీచరు చనువు తీసుకుని కుటుంబ విషయాల్లో తల దూరుస్తున్నాడని, పిల్లను ఇంటి పెద్దల నుంచి దూరం చేస్తున్నాడని. సంతకం పెట్టాను. నా పేరు బయటికి రానివ్వవద్దని కింద వేడుకున్నాను. రాస్తున్నంతసేపూ అది పిల్ల మంచికేనని అనుకున్నాను. తపాలా బిళ్ళ అంటిస్తున్నప్పుడు ఆ మాట అబద్ధమని తెలిసింది. అయినా పోస్టు డబ్బాలో వేశాను.

పదిహేను రోజుల్లో పిల్లను వేరే ట్యూటరుకు మార్చారు. ఆయన కుర్రాడు, మంచివాడే, ఫారాలు చక్కగా నింపుతాడట. పిల్ల ఆ ఆదివారం ఇంటికి వచ్చి మా ఆవిడ కొంగు పట్టుకుని ఏడ్చింది. నేను పక్క గదిలో ఉన్నాను.

"అవ్వా, చిన్నతాతకు నేను బరువైపోయినాను. పని జాస్తి అయింది, నువ్వు ఇంకో సార్ దగ్గర ఉండు అని చెప్పినాడు. పన్నెండుమందిలో నన్ను ఒక్కదాన్నే పంపేసినాడు."

"వాడు అట్ల చేసేవాడు కాదే" అంది మా ఆవిడ.

"చేసినాడు అవ్వా. నా ముఖం చూసే చెప్పినాడు."

నేను గోడకు ఇవతల కూర్చుని విన్నాను. జాబు వచ్చిందనే సంగతే అతను దానికి చెప్పలేదు. అబద్ధం తన మీద వేసుకున్నాడు. అది విన్నప్పుడు నాకు కలిగిన మొదటి భావం ఏమిటో రాయాలి, రాయకపోతే ఈ కాగితం దండగ. సంతోషం. గెలిచాననే సంతోషం. సిగ్గు తరువాత వచ్చింది, ఒక కాఫీ తాగినంతసేపటికి. కానీ సంతోషం ముందు వచ్చింది.

ఆ జాబు నాదని అతనికి తెలిసిందా అనే అనుమానం ఆ దీపావళి దాకా నడిచింది. ఎప్పటిలాగే మమ్మల్ని భోజనానికి పిలిచాడు. కాళ్ళకు నీళ్ళు ఇచ్చాడు. మొదటి ఆకు నాకు వేశాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ వంగి, "బావా, మీ ఇంగ్లీషు రొంబ బాగుంది" అన్నాడు. అంతే. నెయ్యి వేసి, పక్క ఆకుకు పోయాడు. అంటే నా జాబు చదివాడు. ఆ రోజు ఆలస్యంగా వచ్చిన పిల్ల అతని చేత వడ్డించుకోలేదు. గరిటె తానే తీసుకుంది.

అలా నాలుగేళ్ళు. పిల్ల బడి ముగించి, కోయంబత్తూరులో కాలేజీలో చేరింది. అతన్ని చూస్తే "బాగుండారా" అంటుంది, పక్కకు పోతుంది. నా దగ్గరికి వచ్చిందా అంటే, రాలేదు. కథ చెబితే వింటుంది, ఫోను చూసుకుంటూ. అతని దగ్గర ఖాళీ అయిన చోటు నాకు వస్తుందనుకున్నాను. ఆ చోటు ఎవరికీ రాలేదు, మూసేసుకుంది.

మొన్న ఎండాకాలంలో అతనికి కిడ్నీలు చెడ్డాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు ఆసుపత్రి. పాత విద్యార్థులు వంతులు వేసుకుని కారు తెచ్చేవాళ్ళు. ఒకరోజు ఎవరికో కుదరక నేను తోడు పోయాను. మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాను. నాలుగు గంటలు గడవాలి. నేను ఏదో కథ ఎత్తుకుని, మధ్యలో నాకే విసుగొచ్చి ఆపేశాను.

"దానికి చెప్పేస్తానురా" అన్నాను.

దేని గురించి అని అడగలేదు. "ఇప్పుడు వద్దు బావా."

"ఏల?"

"ఇప్పుడు చెప్తే దానికి మీ మీద కోపం వస్తుంది. నేను ఎట్లాగూ పోయేవాణ్ణి. దానికి ఇంట్లో ఒక ముసలోడైనా మిగలాల."

"నువ్వు దానికి చెడ్డవాడిగా పోతావు కదరా."

"పరవాలేదు బావా. నా దగ్గర కోపం పెట్టుకున్న పిల్లోళ్ళు చాలామందే ఉండారు. బడిలో అది కూడా పనిలో ఒక భాగమే." కళ్ళు మూసుకుని మళ్ళీ అన్నాడు. "అది ఇప్పుడు సరిగ్గా తింటుందా?"

నాకు తెలియదు. మా ఇంటికే వచ్చిపోయే పిల్ల. తింటుందో లేదో చూడలేదు. "ఆ, తింటుంది" అన్నాను.

ఇక్కడ నేను కరిగిపోయానని రాస్తే బాగుంటుంది. చదివేవాళ్ళకూ తృప్తిగా ఉంటుంది. నిజం ఏమిటంటే, ఆ మంచం పక్కన కూడా నాకు కడుపు మండింది. ముక్కులో గొట్టాలు పెట్టుకుని, చేతికి సూదులు గుచ్చుకుని, అప్పుడు కూడా నాకన్నా పెద్దమనిషిగా ఉన్నాడు. తిట్టి ఉంటే సరిసమానం అయ్యేవాళ్ళం. ఆ అవకాశం ఇవ్వలేదు. పెళ్ళినాడు పీట మీద నిలబడ్డా నా మెడ అందనివాడు, తరువాత నాకు ఎప్పుడూ అందలేదు. అతనికి కృతజ్ఞత చెప్పాలి కదా ఇలాంటి రాతల్లో. చెబుతున్నాను. నా పేరు దాచినందుకు కాదు, దాచినందుకు ఇప్పటికీ కోపమే. ఆ కాలవ గట్టు మీద మా పిల్ల చేతులు తిప్పుతూ మాట్లాడేలా చేసినందుకు. ఆ సాయంత్రం అది బతికి బయటపడింది. నా వల్ల కాదు, అతని వల్ల.

అతను పోయేదాకా నేను పిల్లకు చెప్పలేదు. వద్దన్నాడు కాబట్టి అని మీతో అనగలను. భయం అంటే సరిపోతుంది.

మొన్న శనివారం అది కాలేజీ నుంచి వచ్చింది. అన్నూరు బస్టాండు నుంచి తీసుకురావడానికి స్కూటరు మీద పోయాను. దారిలో జొన్నచేను పక్కన బండి ఆపాను.

"ఏమైంది తాతా? పెట్రోలు అయిపోయిందా?"

"లేదు. మా మేనమామ మండీలో ఒకసారి..." అని మొదలుపెట్టాను.

"తాతా, కథా? ఎండగా ఉండాది."

"కథ కాదు" అన్నాను. అని ఆగాను. ఇద్దరం రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాం. రెండు లారీలు పోయాయి. ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు, నా లెక్కకు చాలాసేపే.

"నిన్ను వేరే సార్ దగ్గరికి మార్చింది మీ చిన్నతాత కాదు. ప్రిన్సిపాలుకు నేను జాబు రాసినాను. వాడు నీకు అబద్ధం చెప్పినాడు, నా పేరు చెప్పకుండా."

అది నా వైపు చూడలేదు. "ఏల?" అంది.

ఎనభై దగ్గరపడ్డవాణ్ణి. ఆ ప్రశ్నకు పది జవాబులు నోటికి వచ్చాయి. అన్నీ బాగున్నాయి.

"ఓర్వలేక" అన్నాను.

చున్నీతో ముఖం తుడుచుకుంది. చెమటకో, దేనికో. "నేను ఆసుపత్రికి కూడా పోలేదు తాతా" అంది. "నాలుగేళ్ళు తాతా" అంది మళ్ళీ. తరువాత స్కూటరు వెనక ఎక్కి కూర్చుని, "చిన్నతాత ఇంటికి పోండి" అంది.

పోయాను. గేటు దగ్గర దిగింది. లోపల అతని భార్య బట్టలు ఆరేస్తోంది. నేను కూడా బండి దిగబోయాను.

"మీరు పోండి" అంది.

బండి తిప్పుకుని ఇంటికి వచ్చేశాను. అది సాయంత్రం ఆరింటికి నడుచుకుంటూ వచ్చింది. బ్యాగు లోపల పెట్టి, స్నానానికి వేడినీళ్ళు ఉన్నాయా అని వాళ్ళ అవ్వను అడిగింది.